డాక్టరుకు చెప్పని ఒక్క మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ ఖాయంగా తెలిసిన సంగతి ఒకటుండేది. మా అమ్మకు హిందీ రాదు. అది తప్పని తేలిన రోజు గురించి చెప్పాలంటే ముందు నా కుడి అరచేతిలో ఉన్న మచ్చ గురించి చెప్పాలి. బొటనవేలి మొదట్లో అడ్డంగా, అంగుళం పొడవున ఉంటుంది. ఎవరడిగినా కొడవలి కోసిందని చెబుతూ వచ్చాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు అదే చెప్పాను, తర్వాత మా అబ్బాయికి అదే, నిన్నమొన్న మనవరాలికీ అదే. ముగ్గురూ నమ్మారు. సెంటు పొలం లేని రైల్వే క్వార్టర్లో పెరిగిన పిల్ల చేతికి కొడవలి ఎక్కడిదని ఒక్కరికీ అనుమానం రాలేదు.

మా నాన్న రైల్వేలో కీమ్యాన్. విశాఖపట్నం నుంచి కొండలెక్కి కిరండూల్ ఇనుప గనుల దాకా వచ్చే లైను మీద, గీదం దాటాక ఒక చిన్న స్టేషన్ పక్కన మా క్వార్టర్లు. పట్టాను స్లీపరుకు బిగించి ఉంచే ఇనుప ముక్కను కీ అంటారు. జానెడు పొడవుంటుంది, ఒక కొస సన్నం, ఒక కొస లావు. ఖనిజం రైళ్ళ అదురుకి అవి వదులైపోతుంటాయి. రోజూ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని తన బీటు పొడుగునా నడిచి, ఒక్కోటీ చూసుకుంటూ, వదులైనదాన్ని కొట్టి బిగించడం ఆయన ఉద్యోగం. సంచిలో ఎప్పుడూ నాలుగైదు కీలు అదనంగా ఉండేవి.

శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో మా ఊరి తెలుగు, బళ్ళో హిందీ, సంతలో అక్కడి జనం మాట్లాడే హల్బీ. నాకు మూడూ వచ్చు. నాన్నకు ఆఫీసు హిందీ వచ్చు. అమ్మ మాత్రం రైల్వే అధికారి ఎవరైనా ఎదురైతే కొంగు పళ్ళతో పట్టుకుని పక్కకు తప్పుకునేది. ఎవరేం అడిగినా నాన్న వైపు చూసేది. అందుకని ఆమెకు హిందీ రాదని మేం తేల్చేశాం. వారం వారం సంతలో చింతపండు దగ్గరా ఎండుచేపల దగ్గరా ఆమె బేరమాడే భాష ఏమిటని ఎవరం ఆలోచించలేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా, చలికాలం, ఒక పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. నాకు తెలిసింది అంతవరకే. ఆ తర్వాత తెలిసింది అమ్మ ఒడి, నాలుక మీద రక్తం రుచి, అరచేతిలో మంట. మధ్యలో జరిగింది వాళ్ళు చెప్పగా విన్నదే. కళ్ళు పైకి తేలిపోయాయట, పళ్ళు బిగుసుకున్నాయట, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయట. అమ్మ నన్ను పొయ్యి దగ్గర్నుంచి ఇవతలికి లాగింది. బీటుకు బయల్దేరబోతూ చోడి అంబలి తాగుతున్న నాన్న గిన్నె పారేసి వచ్చాడు.

ఫిట్సు వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెడితే ఆగిపోతుందని మా వైపు అందరూ అనుకునేవాళ్ళు. మామూలు ఇళ్ళలో తాళాలగుత్తి పెడతారు. మా ఇంట్లో తాళం వేసుకోవలసిన పెట్టే లేదు, నాన్న సంచిలో కీలున్నాయి. ఆయన ఒక కీ తీసి నా గుప్పిట్లో పెట్టి, పట్టాకు బిగించినట్టు రెండు చేతులతో బిగించాడు. కొట్టుకుంటున్న చెయ్యి, మొరటు ఇనుము. అంచు లోపలికి దిగింది. కాసేపటికి ఫిట్సు ఆగింది. ఇనుము పెట్టాక ఆగింది కాబట్టి ఇనుము వల్లనే ఆగిందని అమ్మ నమ్మేసింది. అరచేతికి పసుపు అద్ది గుడ్డ కట్టాక, అదే కీని ఒక తాడుకు గుచ్చి నా మొలకు కట్టింది. నడుస్తుంటే అది తొడకు తగులుతూ ఉండేది. బళ్ళో సగం పొద్దు దాన్ని దాచుకోవడానికే సరిపోయేది.

రైల్వే డాక్టరు నాలుగు స్టేషన్ల అవతల ఉండేవాడు. హిందీ ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడే పెద్దమనిషి. చూసి, విశాఖపట్నం పంపాడు. అక్కడ తలకు తీగలు అంటించి, కాగితం మీద గీతలు గీసే పరీక్ష చేశారు. ఆ కాగితాలు పట్టుకుని మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళాం. బల్లకు ఇవతల ముగ్గురం కూర్చున్నాం. ఒకపక్క నాన్న, ఒకపక్క అమ్మ, మధ్యలో నేను.

డాక్టరు కాగితాలన్నీ చూసి, ఇంకోసారి అన్నీ అడిగాడు. ఆ రోజు జ్వరమేమైనా ఉందా? లేదు. తలకు దెబ్బ తగిలిందా? లేదు. అంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా? లేదు. మీ ఇంట్లోగానీ చుట్టాల్లోగానీ ఈ జబ్బు ఎవరికైనా ఉందా?

నాన్న మెడ గోక్కున్నాడు. "కోయీ నహీ సాబ్" అన్నాడు.

ఎవరికీ లేదని. మా నాన్నకు అబద్ధం చేతకాదు, ఆడినప్పుడల్లా మెడ గోక్కునేవాడు. నేను తలెత్తి ఆయన వైపు చూశాను. ఎందుకంటే మా అమ్మ తమ్ముడికి ఉండేది. నేను పుట్టకముందే పోయాడు. అమ్మమ్మగారి ఊరి పక్క గెడ్డలో అమ్మ బట్టలుతుకుతుంటే, పక్కనే స్నానం చేస్తున్న పిల్లాడికి ఫిట్సు వచ్చింది. మోకాలి లోతు నీళ్ళు. బట్ట పిండుకుని అమ్మ ఇటు తిరిగేసరికి అయిపోయింది. ఈ కథ అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, మళ్ళీ అడగొద్దని కూడా చెప్పింది. ఇప్పుడు ఆమె గోడకున్న కేలండరు వైపు చూస్తూ, ఏమీ అర్థం కానట్టే కూర్చుంది.

డాక్టరు నాన్నతో నిదానంగా చెప్పాడు. ఒక్కసారి వచ్చింది. కారణం ఏదీ కనబడలేదు. పరీక్ష బాగానే ఉంది. ఒక్కసారి వచ్చినంతలో దీన్ని జబ్బని నేను రాయను. కానీ మళ్ళీ రావచ్చు. రాకపోనూవచ్చు. వస్తే మొదటి ఆరు నెలల్లో రావడానికే ఎక్కువ వీలు, గడిచిన కొద్దీ భయం తగ్గుతుంది. ఇవాళే బిళ్ళలు మొదలుపెట్టవచ్చు. అవి భయాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా తీసెయ్యవు. మొదలుపెడితే ఏళ్ళ తరబడి ఒక్క పూట మానకుండా వెయ్యాలి. పిల్ల మందకొడిగా ఉండవచ్చు, చదువు మీద నిద్ర రావచ్చు. లేదంటే జాగ్రత్తగా కనిపెట్టి ఉండి, రెండోసారి వస్తే అప్పుడు మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ఎవరికీ లేదంటున్నారు కాబట్టి నేనైతే ఆగుతాను. ఇద్దరూ మాట్లాడుకుని వచ్చే వారం చెప్పండి.

ప్రతి మాటా నాకు అర్థమైంది. బళ్ళో హిందీలో మొదటి మార్కులు నావే. అమ్మ నాన్న వైపు తిరిగి, "ఏటంటన్నాడు?" అంది.

నాన్న మళ్ళీ మెడ గోక్కున్నాడు. "బయం నేదంట. మరి రాదంట. బిళ్ళలూ గిళ్ళలూ అక్కర్నేదంట."

"అలాగంటన్నాడా?"

"అలాగే అంటన్నాడు."

అమ్మ తలూపింది. నేను వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని, గుడ్డ కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, నేల వైపు చూశాను. పదేళ్ళ పిల్లను. రెండు అబద్ధాలు నా నెత్తి మీదుగా అటొకటి ఇటొకటి వెళ్ళాయి. ఒకటి డాక్టరుకు, ఒకటి అమ్మకు. నిజం నా దగ్గర ఉండిపోయింది.

ఆ వారం నేను బతికిన బతుకు నాకే తెలుసు. చెయ్యి తిమ్మిరెక్కితే వచ్చేస్తోందనుకునేదాన్ని. ఎండలో కళ్ళు చీకట్లు కమ్మితే గోడ పట్టుకునేదాన్ని. బళ్ళో మాస్టారు లేచి నిలబడమంటే, అందరి ముందూ పడిపోతే ఎలాగని పక్క పిల్ల భుజం పట్టుకుని లేచేదాన్ని. అడగడానికి మనిషి లేడు. నాన్నను అడిగితే నాకు తెలుసని ఆయనకు తెలిసిపోతుంది. అమ్మను అడిగితే అమ్మ గుండె పగిలిపోతుంది. ఇంట్లో గిన్నె కిందపడితే ముగ్గురం ఒకేసారి ఉలిక్కిపడేవాళ్ళం, తర్వాత ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళం.

వింత ఏమిటంటే, ఇంక రాదని నమ్మిన అమ్మ చేసే పనులు నమ్మిన మనిషి చేసేవిగా లేవు. నన్ను పొయ్యి దగ్గరకు రానివ్వడం మానేసింది. నూతి దగ్గరికి నీళ్ళకు పంపలేదు. వాగుకు స్నానానికి పోయే పిల్లలతో కలవనివ్వకుండా, పెరట్లో నిలబెట్టి చెంబుతో పోసేది. చింతచెట్టు ఎక్కితే కాళ్ళు విరగ్గొడతానంది. ఏటమ్మా అంటే, "సలి కదా" అనేది. చింతచెట్టుకీ చలికీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు.

గురువారం నాన్న డాక్టరు దగ్గరికి వెళ్ళి, మందులొద్దు, ఆగుతామని చెప్పి రావాలి. బుధవారం పొద్దున ఆయన సుత్తి తీసుకుని బీటుకు వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసింది అమ్మ. తర్వాత పొయ్యి ఆర్పేసి, నాకు జడ వేసి, మంచి గౌను తొడిగి, ప్యాసింజరు ఎక్కించింది. నాన్న లేకుండా అమ్మ రైలెక్కడం నేను చూడడం అదే మొదటిసారి. ఎక్కడికి అనడిగితే నన్ను కిటికీ పక్కకు జరిపి కూర్చుంది. దారి పొడుగునా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను.

ఆసుపత్రిలో మా వంతు వచ్చేసరికి ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. నా మణికట్టు పట్టుకుంది కాబట్టి నాకు తెలిసింది. డాక్టరు తలెత్తి, నీ భర్త ఏడి అన్నట్టు వెనక్కి చూశాడు. అమ్మ పళ్ళ మధ్య నుంచి కొంగు తీసి, భుజం మీద వేసుకుని, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"డాక్టర్ సాబ్, ఏక్ బాత్ బాకీ హై."

ఒక మాట మిగిలిపోయిందని. సంత హిందీ అది. సగం హల్బీ, మధ్యమధ్యలో మన తెలుగు. కానీ ఒక్క ముక్క కూడా తడబడలేదు. రైల్లో ఆమె చేసింది జపం కాదు, అప్పజెప్పుకోవడం. నా తమ్ముడికి ఇదే ఉండేది, అంది. చిన్నప్పటినుంచీ వచ్చేది, నెలకు రెండు మూడుసార్లు వచ్చేది. నీళ్ళలో పోయాడు, నేను పక్కనే ఉన్నాను. మా ఆయన మీకు చెప్పలేదు. నా ఎదట ఆ మాట అనలేక చెప్పలేదు, చెడ్డమనిషి కాదు. మీరు ఆగుతానన్నది ఎవరికీ లేదన్నారు కాబట్టి కదా. ఇప్పుడు ఉందని చెబుతున్నాను. ఇప్పుడు చెప్పండి, ఆగుతారా?

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. వారం రోజులుగా నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నది ఆమె కూడా మోస్తోందని తెలిసి.

డాక్టరు కళ్ళజోడు దించుకుని పెట్టుకున్నాడు. కోప్పడలేదు. ఆ తమ్ముడు పుట్టినప్పుడు బాగానే ఏడ్చాడా, ఎప్పటికి మాటలొచ్చాయి, ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగి, కాగితం మీద రాసుకున్నాడు. పుట్టి చాలాసేపటికిగాని ఏడవలేదనీ, మాటలు ఆలస్యంగా వచ్చాయనీ అమ్మ చెప్పింది. అయితే ఆ పిల్లాడి జబ్బుకు కారణం వేరే ఉండి ఉండవచ్చన్నాడు. అయినా నువ్వు చెప్పడం మంచిదైంది, ఇది కొంత బరువు పెంచే మాటే, తూకం తిరగబడేంత కాదు అన్నాడు. రెండు దారులూ ఇంకా తెరిచే ఉన్నాయి, ఇప్పుడు అన్నీ తెలిసి ఎంచుకోండి అన్నాడు.

అప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న నాన్న అడగనిది. మళ్ళీ వస్తే ఏం చెయ్యాలి? డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పక్కకు తిప్పి చూపించాడు. ఇలా ఒత్తిగిలి ఉంచు. నోట్లో ఏదీ పెట్టొద్దు. గట్టిగా పట్టుకోవద్దు. గడియారం చూడు. అదే ఆగిపోతుంది. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకురా. అలా తిప్పినప్పుడు మొల దగ్గర కీ ఆయన చేతికి తగిలింది. ఇదేమిటన్నాడు. అమ్మ చెప్పింది. ఆయన నా అరచేతి గుడ్డ విప్పి, మానుతున్న గాయం చూసి, ఇనుము చేసిన పని ఇదొక్కటే, తల్లీ అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. అమ్మ అక్కడికక్కడే తాడు విప్పి కీని కొంగున ముడి వేసుకుంది. ఆమె ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

సాయంత్రం బండి మా స్టేషన్లో ఆగేసరికి నాన్న ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. మధ్యాహ్నం కూటికి వచ్చి, ఆరిపోయిన పొయ్యిని చూసి, ఇరుగుపొరుగుకు కూడా ఏమీ తెలియకపోయేసరికి మళ్ళీ వచ్చిందనే అనుకున్నాడట. ఎర్రజెండా ఇంకా చేతిలోనే ఉంది. మేమున్న పెట్టె దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను దింపుకున్నాడు. ఒళ్ళంతా తడిమి చూశాడు.

"మల్లీ వొచ్చిందేటి? ఎప్పుడొచ్చింది?"

"రాదన్నావు గదా. మరెందుకంత బయం?" అంది అమ్మ.

నాన్న చెయ్యి మెడ మీదికి వెళ్ళబోయి, మధ్యలో ఆగిపోయింది.

"నాకు ఇందీ వొచ్చు. ఆ దినం అంతా ఇన్నాను. నీకూ నాకూనే కాదు, దీనికీ వొచ్చు ఇందీ. నువ్వు నాకోసం అబద్దం ఆడేవు. నాను నీకోసం నమ్మీసినట్టు ఉండిపోయేను. మజ్జిన మన గుంట నలిగిపోతంది, సూసేవా?"

నాన్న ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడిపోయాడు. అమ్మ కొంగు ముడి విప్పి, కీని ఆయన చేతిలో పెట్టింది. "ఇది పట్టాకి పెట్టుకో. దాని పని అక్కడ" అంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా అరచేతిని చూసి, వెక్కి వెక్కి ఏడ్చాడు. బండి వెళ్ళిపోయినా మేం ముగ్గురం చాలాసేపు ఆ బెంచీ మీదే ఉన్నాం.

ఏం చెయ్యాలన్నది ఆ బెంచీ మీదే తేలింది. నన్నూ అడిగారు. బిళ్ళలు వేసుకుంటే చదువు మీద నిద్రొస్తుందన్నాడు కదా, అయిదో తరగతి పరీక్షలున్నాయి, నాకొద్దన్నాను. అమ్మకు మందు మొదలుపెట్టాలనే ఉంది, చెయ్యగలిగింది చెయ్యకపోతే మనసు ఊరుకోదంది. అప్పుడు నాన్న తన పని సంగతి చెప్పాడు. ఒక చోట పట్టా ఒకసారి ఇబ్బంది పెట్టిందనుకోండి, చూస్తే పగులు కనబడలేదు. అలాగని లైను మూసెయ్యరు. ఏమీ లేదని ఎప్పటి వేగంతో బళ్ళను వదిలెయ్యరు కూడా. అటొక బోర్డు ఇటొక బోర్డు పాతి, డ్రైవరుకు కాగితం ఇచ్చి, అక్కడ బండిని మెల్లగా నడిపిస్తారు. దాన్ని కాషన్ అంటారు. పట్టాలు బాగుచేసే గ్యాంగు రోజూ ఆ చోటే చూస్తుంది. గడువు దాటి ఏమీ కాకపోతే బోర్డు తీస్తారు. మళ్ళీ ఇబ్బంది పెడితే పట్టాయే మార్చేస్తారు. "బోర్డుంటే అందరికీ తెలవాల. డ్రైవరికి సెప్పకుండా బోర్డెట్టి ఏటి లాబం? నాను సేసింది అదే" అన్నాడు.

అలా ఆగుదామనుకున్నాం. నీళ్ళ దగ్గరికీ పొయ్యి దగ్గరికీ ఒంటరిగా పోకూడదు. చెట్టెక్కకూడదు. నిద్ర చెడకూడదు. బళ్ళో మాస్టారుకు అమ్మే వెళ్ళి చెప్పింది, పడితే ఎలా తిప్పాలో కూడా చూపించింది. మర్నాడు నాన్న ఆ కీని తన బీటులో ఏదో స్లీపరుకు కొట్టేశాడు. ఏ స్లీపరుకో చెప్పలేదు.

ఇక్కడితో కథ ఆపితే బాగుంటుంది. కానీ ఎనిమిదో నెలలో మళ్ళీ వచ్చింది. వాన కురుస్తోంది, నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఈసారి ఆయన సంచి వైపు చూడలేదు. నన్ను పక్కకు ఒత్తిగిలి ఉంచి, డ్యూటీ గడియారం చూస్తూ కూర్చున్నాడట, ఖాళీ చేతులతో. నాకు తెలివొచ్చేసరికి నాలుక మీద మళ్ళీ అదే రుచి ఉంది, అరచేతిలో మాత్రం ఏమీ లేదు. అమ్మ నెత్తి కొట్టుకుంటుందేమో, ఆగుదామన్నందుకు నాన్నను అంటుందేమో, పరీక్షల గొడవ పెట్టినందుకు నన్ను అంటుందేమో అనుకున్నాను. ఆమె నా నోరు తుడిచి, "తెలిసే ఆగేం. ఇప్పుడు తెలిసే మొదలెడదాం" అంది.

ఆ వారమే బిళ్ళలు మొదలయ్యాయి. నిద్ర వచ్చిన మాట నిజమే, చదువు కాస్త వెనకబడిన మాటా నిజమే. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మూడేళ్ళు దాటాక డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేశాడు. తప్పు ఎంచుకున్నామని మా ఇంట్లో ఒక్కరు కూడా ఒక్కసారైనా అనలేదు. ఏది ఎంచుకుంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ముగ్గురం కలిసి ఎంచుకున్నామని మాత్రం తెలుసు.

ఇంత నేర్పిన తల్లి కూతురినై ఉండి నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా పెళ్ళినాటికి అమ్మ లేదు. అయిపోయిన సంగతి ఎత్తడం ఎందుకని నాన్న ఊరుకున్నాడు, నేనూ ఊరుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నది ఏడాదైంది. తర్వాత ఇన్నాళ్ళు దాచావా అంటారని ఇంకొన్నాళ్ళు దాచాను. అలా నలభై ఏళ్ళు కొడవలి కోసింది నన్ను.

పోయిన నెల మా మనవరాలు బళ్ళో ప్రార్థన వరుసలో నిలబడి ఉండగా పడిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల. మా అబ్బాయి కిరండూల్ గనుల్లో పనిచేస్తాడు. జగదల్‌పూర్ తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించాడు, నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు చిన్నవాడు, హిందీలో ఓపిగ్గా చెప్పాడు. తల స్కాను బాగుంది. తీగల పరీక్షలో చిన్న తేడా కనబడింది గానీ, అదొక్కటే చూసి తేల్చెయ్యలేం. మందు ఇప్పుడే మొదలుపెడితే దగ్గర రోజుల్లో మళ్ళీ వచ్చే భయం తగ్గుతుంది. రెండోసారి వచ్చాక మొదలుపెట్టినా కొన్నేళ్ళు పోయాక చూస్తే పెద్ద తేడా ఉండదు. మీరూ ఆలోచించుకోండి. ఇంతకీ మీ కుటుంబంలో ఎవరికైనా?

"ఎవరికీ లేదు సార్" అన్నాడు మా అబ్బాయి. వాడు అబద్ధం ఆడలేదు. వాడికి తెలిసింది అంతే.

మనవరాలు వాళ్ళ నాన్నకూ నాకూ మధ్యలో కూర్చుని నేల వైపు చూస్తోంది. కోడలు ఏమనుకుంటుంది, ఇన్నాళ్ళు నమ్మిన కొడుకు ఏమనుకుంటాడు, నావల్లే వచ్చిందంటే ఈ పిల్ల ఏమనుకుంటుంది? డాక్టరు కలం తీసుకుని రాయబోతున్నాడు. ఎందుకో మెడ మండుతున్నట్టనిపించి చూసుకుంటే, నా చెయ్యి అక్కడ ఉంది. గోక్కుంటున్నాను, అచ్చం మా నాన్నలాగే.

చెయ్యి దించి, కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"డాక్టర్ సాబ్, ఏక్ బాత్ బాకీ హై."

మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. డాక్టరు అంతా రాసుకుని, ఇప్పుడు తూకం కాస్త మందు వైపు మొగ్గుతోందనీ, అయినా నిర్ణయం మీదేననీ అన్నాడు. మా అబ్బాయి నా వైపు చూడలేదు. వాడికి కొన్నాళ్ళు పడుతుంది, పట్టనీ. ఏం చేద్దామని నేను మనవరాలినే అడిగాను. ఖనిజం లారీల పక్కనుంచి సైకిల్ మీద బడికి వెళ్ళే పిల్ల అది. కాసేపు ఆలోచించి, వేసుకుంటానంది. ఆ వయసులో నేను వద్దన్నాను, అది కావాలంది. రెండూ సరైనవే అని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

బయటికి వచ్చాక అది నా కుడి చెయ్యి లాక్కుని, బొటనవేలి మొదట్లో వేలితో రాసి చూసింది.

"ఐతే కొడవలి కాదా నాన్నమ్మా?"

"కాదే. మా నాన్న" అన్నాను. "భయపడి, గట్టిగా పట్టుకున్నాడు."

అది ఆ మచ్చ మీద నుంచి వేలు తియ్యలేదు. బస్సెక్కేదాకా నా చెయ్యి దాని చేతిలోనే ఉంది, గట్టిగా కాదు, వదులుగా.